పరిశీలన రోజుకని ఆపిన కన్ను

కత్తి పట్టి నేను పోగొట్టిన కళ్ళు కొన్ని ఉన్నాయి. కంటి ఆపరేషన్లు చేసేవాడెవడికైనా ఉంటాయి. నాకు లేవన్నవాడి మాట నమ్మకండి. కత్తి పట్టకుండా, ఆ ఊళ్ళో కూడా లేకుండా, మద్రాసులో కూర్చుని నేను పోగొట్టిన కన్ను ఒకటుంది. ఇదంతా దాని గురించే.

ఆసుపత్రుల పరిశీలనకు కొత్తగా నియమించిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఆ రోజుల్లో మీరెలా చూసేవారు సార్?" అని అడుగుతారు. కాఫీ ఇచ్చి, రెండు సరదా కబుర్లు చెప్పి పంపేస్తుంటాను. వాళ్ళు వెళ్ళిపోయాక నామీద నాకే అసహ్యం వేస్తుంది. వాళ్ళకు చెప్పాల్సింది ఆ కబుర్లు కాదు. నాకు ఏ పదవి ఎప్పుడొచ్చిందో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో ఇక్కడ రాయడం లేదు. అవి ఎవరికీ పనికిరావు.

మా పని

నేను పుట్టింది చిత్తూరులో. చదువూ ఉద్యోగమూ మద్రాసులో. యుద్ధం రోజుల్లో నన్ను ఒక కమిటీలో వేశారు. సర్జరీ పరీక్ష ప్యాసై, మామూలు ఆపరేషన్లు చేస్తున్న డాక్టరు కంటి పనో ఎముకల పనో ప్రత్యేకంగా నేర్చుకోవాలంటే, ఏదైనా ఆసుపత్రిలో పెద్ద సర్జన్ చేతికింద రెండేళ్ళుండాలి. ఏ ఆసుపత్రికి అలా నేర్పే అర్హత ఉందో వెళ్ళి చూసి, గుర్తింపు ఇమ్మనో వద్దనో చెప్పడం మా పని. గుర్తింపు లేనిచోట రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు నేర్చుకున్నా అది లెక్కలోకి రాదు.

వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నేర్పడం చేతకాని చోటికి గుర్తింపు ఇస్తే సగం నేర్చిన చేతులు బయటికొస్తాయి. ఆ చేతుల కింద ముప్ఫై ఏళ్ళపాటు జనం పడుకోవాలి. నేర్పగలిగిన చోటికి ఇవ్వకపోతే ఆ జిల్లాలో ఆ పని తెలిసినవాడే మిగలడు. ఎటు పొరపాటు చేసినా అనుభవించేది మనం కాదు. కమిటీలో చేరిన మొదటి ఏడాది ఈ సంగతి నాకు మాటల్లోనే తెలుసు.

తిరుపతి వైపు ఒక ఆసుపత్రికి వెళ్ళాం. పేరు రాయను. అక్కడి రిజిస్టరు చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించింది. శిక్షణలో ఉన్న సర్జన్ తన చేత్తో శుక్లాలు తీసినట్టు పేజీలకు పేజీలు, గుండ్రటి అక్షరాలతో. అతన్ని పిలిచి కత్తి పట్టుకోమన్నాను. సంతకం పెట్టబోయేవాడు కలం పట్టినట్టు పట్టుకున్నాడు. బయటికొచ్చాక కాంపౌండరును పక్కకు పిలిచి అడిగాను.

"ఆయప్ప రెండేండ్లుగా దీపం పట్టుకోనుండాడు సామీ," అన్నాడు కాంపౌండరు. తర్వాత పాపమనిపించిందో ఏమో, "బాగా పట్టుకుంటాడు. సెయ్యి వణకదు," అని కూడా చెప్పాడు.

ఆ ఆసుపత్రికి వద్దని రాశాం. నాకు ఒళ్ళు మండిపోయింది. రాతను నమ్మడానికి లేదని, కళ్ళతో చూస్తే తప్ప గుర్తింపు ఇవ్వకూడదని వాదించి, కొత్త నిబంధన నేనే రాశాను. పరిశీలన రోజున మా ఎదుట కనీసం పన్నెండు ఆపరేషన్లు చేయాలి. అందులో రెండైనా కష్టమైనవి ఉండాలి. కమిటీలో అందరూ మెచ్చుకున్నారు, ఒక్క అధ్యక్షుడుగారు తప్ప. ఆయన సైన్యంలో సర్జన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎక్కువ మాట్లాడేవారు కాదు.

"పెళ్ళివారొస్తున్నారని ముందే కబురంపి వెళితే పిండివంటలే వడ్డిస్తారు. రోజూ ఏం తింటున్నారో ఎలా తెలుస్తుంది?" అన్నారు.

ఆయనది పాతకాలం చాదస్తం అనుకున్నాను. నిబంధన ఖాయమైంది.

దేవసహాయం గారు

చిత్తూరులో ధర్మానికి నడిచే ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. దానిలో కంటి విభాగానికి పెద్ద డాక్టర్ దేవసహాయం. క్రైస్తవుడు, నాకంటే పదేళ్ళు పెద్ద. అంత చక్కటి చేతులు నేను మరెక్కడా చూడలేదు. ఆయన పనిచేస్తుంటే అది పెద్ద కష్టమైన పనిలా కనబడేది కాదు. చూసేవాడికి నేనూ చేసేయగలననిపించేది. అదే ఆయన గొప్ప.

ఆయన దగ్గర రెడ్డెప్ప అనే యువ సర్జన్ నేర్చుకుంటున్నాడు. పూతలపట్టు దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. అప్పటికే ఏడాదిన్నర గడిపాడు. ఆ ఆసుపత్రికి గుర్తింపు వస్తే అతని ఏడాదిన్నరా నిలబడుతుంది. రాకపోతే అంతా వృథా. దేవసహాయం గారికి ఇంకో చిక్కు ఉంది. గుర్తింపు లేని కంటి విభాగాన్ని ఇక నడపలేమని, మూసేస్తామని ఆసుపత్రి పెద్దలు తేల్చి చెప్పేశారు. అది పోతే చుట్టుపక్కల పొర కమ్మిన కళ్ళకు మద్రాసే గతి. కంటికి కనబడనివాళ్ళు అంత దూరం రైలెక్కి పోతారా? పోరు. ఇంట్లో అరుగు మీద కూర్చుంటారు.

పరిశీలనకు తేదీ ఖరారు చేసి ఉత్తరం రాశాను. రెండు రోజులు ఉందనగా అధ్యక్షుడుగారికి జ్వరం వచ్చింది. అయిదు రోజులు వాయిదా అని తంతి ఇచ్చాను. అది తప్పదు. ఆ అయిదు రోజులూ అయ్యేసరికి కాంచీపురంలో మా అక్క కూతురి నిశ్చితార్థం పడింది. నేను లేకపోయినా ఆ నిశ్చితార్థం జరిగేది. తాంబూలాలు పుచ్చుకోవడానికి మేనమామ ఉండాలని మా అక్క పట్టుబట్టింది, నాకూ వెళ్ళాలనిపించింది. ఇంకో ఎనిమిది రోజులు వాయిదా అని రెండో తంతి ఇచ్చాను. కారణం రాయలేదు. పరిశీలకుడు కారణం చెప్పనక్కర్లేదు కదా.

పున్నమి మరునాడు

అధ్యక్షుడుగారూ నేనూ కాట్పాడి మీదుగా చిత్తూరు చేరాం. ఆ రోజు దేవసహాయం గారు పద్నాలుగు ఆపరేషన్లు చూపించారు. నిబంధనకంటే రెండెక్కువ. ఆరు రెడ్డెప్ప చేత చేయించి, తాను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. కుర్రవాడి చెయ్యి తడబడబోయినప్పుడు ఒకే మాట అనేవారు: "నిదానం." నేర్పడమంటే అది. నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను కూడా.

తొమ్మిదో మనిషి మునెమ్మ. కాణిపాకం దగ్గర పల్లె. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. రెండో కంట్లో శుక్లం ముదిరి ఉబ్బిపోయింది. ఇది కష్టమైన కేసు కాబట్టి దేవసహాయం గారే కత్తి పట్టారు.

సర్జన్లు కానివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మామూలు శుక్లం ఇవాళ తీసినా ఆర్నెల్లకు తీసినా ఒకటే. కానీ ముదిరి ఉబ్బిన శుక్లం కంట్లో నీరు పోయే దారిని మూసేస్తుంది. కంటిగుడ్డు రాయిలా గట్టిపడుతుంది. నొప్పితో మనిషి తల గోడకేసి కొట్టుకుంటాడు. రెండు మూడు రోజుల్లో తీసేస్తే చూపు దక్కుతుంది. వారం, పది రోజులు దాటితే లోపలి నరం చచ్చిపోతుంది. ఆ తర్వాత ఎంత గొప్పవాడు ఎంత బాగా శుక్లం తీసినా వెలుగు రాదు.

బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఆమె కంటిమీద వేలు పెట్టి చూశాను. గట్టిగా ఉంది. "ఎన్నాళ్ళయింది నొప్పి మొదలై?" అని అడిగాను.

"అమాస నాడు ఈడ బండి దిగినాను సామీ," అంది మునెమ్మ. "అప్పుటికే పోట్లు."

ముందురోజు రాత్రి రైల్లో కిటికీ పక్కన కూర్చుని పున్నమి చంద్రుణ్ణి చూస్తూ వచ్చినవాణ్ణి నేను. లెక్క వేయడానికి వేళ్ళు కూడా అక్కర్లేదు. నేను లెక్క వేయలేదు. పల్లెటూరి మనిషి, నొప్పిలో తిథి తప్పి చెబుతోందనుకున్నాను. నిజానికి అలా కూడా అనుకోలేదు. దేవసహాయం గారి చేతులు చూడాలన్న ఆత్రంలో ఉన్నాను. కొవ్వొత్తి వెలిగించి ఆమె ముఖం ముందు అటూ ఇటూ తిప్పి, వెలుగు ఎటునుంచి వస్తోందో చెప్పమని అడగడం నా కనీస ధర్మం. ఆపరేషన్‌కు ముందు అలా అడగాలని విద్యార్థులకు మొదటి వారంలో నేనే చెబుతుంటాను. ఆ రోజు అడగలేదు.

ఆపరేషన్ అద్భుతంగా జరిగింది. నేను గడియారం చూసి, నిమిషాలు రాసుకుని, తల ఊపాను. దేవసహాయం గారు నావైపు చూడలేదు. అలసిపోయారనుకున్నాను.

మద్రాసు వచ్చి గుర్తింపు ఇవ్వాలని రాశాను. అధ్యక్షుడుగారు ఆ కాగితం చదివి పక్కన పెట్టారు.

"కత్తి పెట్టినప్పుడు చూశాం. కట్టు విప్పాక ఎవరు చూశారు?" అన్నారు. "వెళ్ళి చూసి రండి. ఈసారి ఉత్తరం రాయొద్దు."

కమిటీ మంచాలు

నెల తిరిగాక ఒక్కణ్ణే వెళ్ళాను. బొగ్గుతో నడిచే బస్సులు దారిలో ఎక్కడ ఆగిపోతాయో తెలియని రోజులు. రైల్లోనే పోయి, స్టేషన్ నుంచి నడిచి, చెప్పాపెట్టకుండా వార్డులో అడుగుపెట్టాను. దేవసహాయం గారు ఆపరేషన్ గదిలో ఉన్నారు. వార్డులో రూతమ్మ అనే ముసలి ఆయా నేల తుడుస్తోంది. గోడవారగా ఒక వరుస మంచాలు ఖాళీగా ఉన్నాయి.

"ఇవి ఎవరికి?" అన్నాను.

"ఇయ్యా? ఇయి కమిటీ మంచాలు సామీ," అంది రూతమ్మ. నేనెవరో ఆమెకు గుర్తు లేదు. "మద్రాసు నుంచి దొరలొచ్చి సూస్తారని జనాన్ని ఈడ పండబెట్టుకోనుంటిమి. ఇదో వస్తారు, అదో వస్తారు అని. పాపం, ఒగాయమ్మ పోట్లకు తట్టుకోలేక ఏడ్సి ఏడ్సి ఈ కడ్డీ పట్టుకోని ఊపతా ఉండె. మందు ఏస్తే రొంతసేపు గమ్మునుండేది, మళ్ళా ఏడ్సేది."

ఆ కడ్డీ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. అమావాస్య, పున్నమి, నా రెండు తంతులు అప్పుడు ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

ఆ రోజు ఆపరేషన్ అయినవాళ్ళను చూడ్డానికి రెడ్డెప్పను వెంటబెట్టుకుని ఎద్దులబండిలో పల్లెలకు బయల్దేరాను. దారిలో చూసినవాళ్ళందరూ బాగానే ఉన్నారు. ఒకాయన నా మీసం నెరిసిందని కూడా చెప్పాడు. మునెమ్మ ఊరు ఇంకా మైలు దూరం ఉందనగా, ఆమెను అన్నాళ్ళు ఎందుకు ఆపారని రెడ్డెప్పను అడిగాను. అతను బండి చక్రం వైపు చూస్తూ చెప్పాడు.

"ఆయమ్మ వచ్చిన మూడో దినమే మీరు రావాల సార్. రెండు దినాలే గదా, సుక్కలమందేసి గుడ్డు మెత్తబడేట్టు సూస్తాం, మీ ఎదురుగా సేస్తాం అన్నాడు మా సార్. కష్టమైనవి రెండు ఉండాలని మీ కాయితంలో ఉండాది గదా. ఇంకోటి దొరకలా. అప్పుడు తంతి వచ్చె, అయిదు దినాలని. నొప్పి రొంత తగ్గినట్టే ఉండె. మళ్ళా తంతి వచ్చె. ఆ పొద్దు నేను సార్‌తో అన్నాను, సేసేద్దాం సార్ అని. సేసేస్తే కమిటీకి ఏం సూపిస్తాం రెడ్డెప్పా, ఈ తావు మూసేస్తే ఇంక వెయ్యిమందిని ఎవురు సూస్తారు అన్నాడు. నేను గమ్మునైపోయినా. నాకూ గుర్తింపు కావాల గదా సార్."

చెడ్డవాళ్ళు చేసే తప్పు పట్టుకోవడం తేలిక. రిజిస్టర్లు తిరగేస్తే చాలు. రోగుల మీద ప్రేమ ఉన్న మంచివాడు "ఇంకొక్క రెండు రోజులు" అనుకుంటూ చేసే తప్పును పట్టుకోవడానికి ఏ నిబంధనా పనికిరాదు. అసలు ఇక్కడ ఆ తప్పు పుట్టిందే నా నిబంధన కడుపున.

గంగులప్ప అడిగిన ప్రమాణం

మునెమ్మ ఇంటి ముందు చెరుకు పిప్పి ఆరబోసి ఉంది. ఆ పల్లెలో అందరూ బెల్లం వండేవాళ్ళే. ఆమె కొట్టంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు ఎప్పుడో విప్పేశారు. కన్ను చూడ్డానికి తేటగా, అందంగా ఉంది. ఎండలోకి తిప్పి, చెయ్యి అడ్డం పెట్టి, తీసి చూశాను. వెలుగు కూడా తెలియడం లేదు.

ఆమె భర్త గంగులప్ప మాకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. గొంతు పెంచలేదు.

"మా ఊర్లో ఎవురు బెల్లం వండినా పాకం పదును ఈయమ్మే సూసి సెప్పాల," అన్నాడు. "పెనం తావ నిలబడి, ఇంక దించండప్పా అంటే దించేదే. ఈ తూరి మూడు పెనాలు మాడిపాయె. పోతే పోయె. అది కాదు నేను అడిగేది."

"అడుగప్పా," అన్నాను.

"పెద్దడాక్టరు మంచోడు. ఆయమ్మకు అట్ల రాసిపెట్టుండాది, మేమేం సేసేది అని సెప్పినాడు. సరే సామీ, ఆ మాటే కాణిపాకం దేవుడి ముందర ఒగసారి సెప్పేసి పో, మేము మళ్ళా నీ గడప తొక్కము అన్నాను. రానన్నాడు. ఆయన కిరస్తానం, మన దేవుడి కాడ ప్రమాణం సెయ్యడంట. అదీ నాయమే. నువ్వు మనోడివే గదా, ఈ జిల్లావాడివే గదా. ఆ పొద్దు నువ్వు ఆడే ఉంటివి. నువ్వు సెప్పు."

మా ప్రాంతంలో కాణిపాకం ప్రమాణమంటే కోర్టు తీర్పుకంటే పెద్దది. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ఒక మాట అంటే తగాదా అక్కడితో సరి. అన్నవాణ్ణి ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు. అబద్ధమాడినవాడి సంగతి స్వామే చూసుకుంటాడని వదిలేస్తారు. నాకు పెద్దగా భక్తి లేదు. అయినా ఆ స్వామి పేరు చెప్పి అబద్ధమాడే ధైర్యమూ లేదు.

"ఏమని చెప్పమంటావు?"

"వచ్చిన పొద్దే కోసుంటే కూడా ఈ కన్ను పోయేదే అని. ఇంతే. మాకేం ఇయ్యబళ్ళేదు. రాసిపెట్టుంటే పడతాం. కాదంటే, ఎవురివల్ల పాయెనో తెలియాల గదా సామీ. ఈయమ్మ దినామూ అదే అడగతాండాది, నేనేం తప్పు జేసినానని. నేనేం సెప్పేది?"

రెడ్డెప్ప తల వంచుకుని కూర్చున్నాడు. అతని ఏడాదిన్నర, ఆ ఆసుపత్రి కంటి విభాగం, దేవసహాయం గారి పరువు, అన్నీ నా నోట వచ్చే ఒక్క మాట మీద ఉన్నాయి. గుడిదాకా పోనక్కర్లేకుండా అక్కడే "అవునప్పా, పోయేదే" అంటే గంగులప్ప నమ్మేవాడు. అనబోయాను కూడా. మునెమ్మ నావైపు తిరిగి, ముఖం కాస్త పైకెత్తి వింటోంది.

"వచ్చిన రోజే చేసి ఉంటే ఈ కన్ను నిలిచేదమ్మా," అన్నాను ఆమెతోనే. "నీ తప్పేం లేదు. మేము వచ్చి చూడాలని నిన్ను ఆపారు. రావడం ఆలస్యం చేసింది నేను."

"యాల ఆలస్యమాయె?" అంది మునెమ్మ.

నిశ్చితార్థమని చెప్పాను. ఏం చెప్పమంటారు? ఇంకో కారణం లేదు.

ఆమె "ఆ పాపకు పెండ్లాయెనా?" అని అడిగింది. అయిందన్నాను. "మంచిది," అంది. ఎగతాళి కాదది. నిజంగానే మంచిదనే అంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

నేను రాసింది, కొట్టేసింది

తిరిగివచ్చి దేవసహాయం గారి గదిలో కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళి వచ్చానో ఆయనకు ముందే తెలిసింది. చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడారు.

"మతం అడ్డమని ఆ ముసలాయనతో అన్నాను. అది కాదు. ఎవరి దేవుడి ముందైనా అది అబద్ధమవుతుంది, అందుకని వెళ్ళలేదు." తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. "మీరు రాయండి. రాయొద్దని నేను అడగను."

నా తంతుల సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అక్కడ కూర్చున్నంతసేపూ కోరుకున్నాను.

రాశాను. రోగుల్ని పరిశీలన కోసం ఆపి ఉంచారని, ఒక మనిషి చూపు పోయిందని రాశాను. మా నిబంధన వల్లే ఆపారని, నేను సొంత పని మీద వాయిదా వేయడం వల్లే ఆలస్యమైందని వేరే పేరాలో రాశాను. అధ్యక్షుడుగారు రెండింటి కిందా సంతకం పెట్టారు. అది పైవాళ్ళ దగ్గరకు వెళ్ళింది. అక్కడ రెండో పేరా కొట్టేశారు. దొంగతనంగా కాదు, నన్ను పిలిచి మర్యాదగా కూర్చోబెట్టి, "పరిశీలిస్తున్నది ఆసుపత్రిని, మిమ్మల్ని కాదు కదా" అన్నారు. నేను ఒప్పుకున్నాను. అప్పుడు లేచి వచ్చేయాల్సింది. లేవలేదు.

గుర్తింపు నిరాకరించారు. ఆ వేసవికల్లా కంటి విభాగం మూసేశారు. రెడ్డెప్ప సైన్యంలో చేరి బర్మా వైపు పోయాడు. కంటి పని మళ్ళీ ముట్టుకోలేదని తర్వాత విన్నాను. దేవసహాయం గారు అదే ఆసుపత్రిలో మామూలు జబ్బులు చూస్తూ ఉండిపోయారు. ఆ చేతులు దగ్గుమందులు రాశాయి. పన్నెండు ఆపరేషన్ల నిబంధన ఎత్తేయమని రెండుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వారు. రెండోసారి అది నేను రాసిందే కదా అని గుర్తుచేశారు. నేను కమిటీ నుంచి బయటికొచ్చిన చాలాకాలానికి ఎవరో ఎత్తేశారు.

కుర్ర డాక్టర్లు న్యాయంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు నిజం రాసినందుకు ఎన్ని కళ్ళు పోయాయి? నాకు తెలియదు. అబద్ధం రాసి ఉంటే ఆ ఆసుపత్రి నడిచేది, వందలమందికి చూపు వచ్చేది, అది ఖాయం. నేను ఇచ్చిన నిజం సగం నిజం, నా సగం కొట్టేసిన నిజం. పూర్తి నిజం పైదాకా వెళ్ళి ఉంటే తప్పు నిబంధనదని తేలి, ఆసుపత్రి మిగిలేదేమో. నిజం సగం చెప్పడంకంటే అబద్ధమే నయమా అని ఇప్పటికీ అనుకుంటాను. జవాబు తెలిసినవాళ్ళు నాకు ఉత్తరం రాయనక్కర్లేదు. మీరు పరిశీలనకు వెళ్ళినప్పుడు గుర్తుంచుకుంటే చాలు. చెప్పకుండా వెళ్ళండి. చెప్పి వెళ్ళక తప్పకపోతే చెప్పిన రోజున వెళ్ళండి. మంచంమీద ఉన్న మనిషి ఏదైనా చెబితే గడియారం జేబులో పెట్టి వినండి.

మరుసటి ఏడాది

బెల్లం వండే రోజుల్లో మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. ఎవరూ పంపలేదు. గంగులప్ప గానుగ దగ్గర ఉన్నాడు. నన్ను గొంతునుబట్టి గుర్తుపట్టాడు. అప్పుడు చూశాను, అతని రెండు కళ్ళలోనూ పొర దిగుతోంది.

"ఆ ఆస్పత్రిలో కండ్లు సూసేది నిలిపేసినారంట గదా," అన్నాడు.

"నాతో మద్రాసు రా అప్పా. నేనే దగ్గరుండి చేస్తాను."

"ఈయమ్మను ఎవురు సూస్తారు?"

"అయితే సామాన్లన్నీ తెచ్చుకుని ఇక్కడికే వస్తాను. మీ ఇంట్లోనే చేస్తాను. పెద్ద కష్టం కాదు ఇది." నిజంగా కష్టం కాదు. మామూలు శుక్లాలు. నా చేతికి బాగా తెలిసిన పని.

గంగులప్ప కొట్టంలోకి వెళ్ళాడు. లోపల ఇద్దరూ చిన్నగా మాట్లాడుకోవడం వినిపించింది. మాటలు తెలియలేదు. కాసేపటికి బయటికొచ్చి, తడుముకుంటూ నా ఎదురుగా నిలబడ్డాడు.

"కోపం కాదు సామీ. నువ్వు నిజం సెప్పినావు, అది మాకు సాలు," అన్నాడు. "కన్ను మాత్రం నీ సేతికి ఇయ్యం."

బతిమాలే హక్కు నాకు లేదు. అతను ఆకులో చుట్టి ఇచ్చిన బెల్లం ముద్ద తీసుకుని బండెక్కాను. బండి కదిలాక వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తాను. గంగులప్ప ఇటువైపే చూస్తూ నిలబడ్డాడు గానీ, చెయ్యి ఎత్తలేదు. ఆ దూరం అప్పటికే అతని చూపుకు అందడం లేదు.